ఐరన్ మాత్ర, థైరాయిడ్ మాత్ర, మధ్యలో గ్రీన్ టీ

ప్రశ్న: నా వయసు 46. మా అమ్మాయి చైనాలోని హాంగ్‌జౌలో మెడిసిన్ చదువుతోంది. ఈ మధ్య వస్తూ లాంగ్‌జింగ్ అనే గ్రీన్ టీ డబ్బా తెచ్చింది. వసంతంలో మొదట కోసిన లేత చిగుళ్లట, ఇనుప మూకుడులో వేయిస్తారట. రంగు పెద్దగా దిగదు కాబట్టి కెఫీన్ ఉండదనుకుని పాల టీ మానేసి ఉదయం టిఫిన్‌తో, రాత్రి భోజనం తర్వాత ఇదే తాగుతున్నాను. నాకు హిమోగ్లోబిన్ 9.8. పరగడుపున థైరాయిడ్ మాత్ర, టిఫిన్ అవగానే ఐరన్ మాత్ర వేసుకుంటాను. మూడు నెలలైనా రక్తం పెరగలేదు. ఇప్పుడు నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. ఇనుప మూకుడులో వేయించిన ఆకు కదా, ఐరన్ అందుతుందా? బరువు తగ్గుతానా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి తెచ్చింది మంచి టీనే. హాంగ్‌జౌలో వెస్ట్ లేక్ చుట్టుపక్కల కొండల్లో పండేది. అక్కడ చింగ్‌మింగ్ అనే పండగ ఏప్రిల్ 4 లేదా 5న వస్తుంది, మనం పెద్దలను తలచుకున్నట్టే ఆ రోజు సమాధుల దగ్గరికి వెళతారు. దానికి ముందు కోసిన చిగురుకే గిరాకీ ఎక్కువ. వేడి మూకుడులో చేత్తో అదుముతూ వేయిస్తారు కాబట్టి ఆకు చదునుగా ఉంటుంది. మూత తీస్తే దోరగా వేయించిన పెసరపప్పు లాంటి వాసన వస్తుంది. ఆ వేడికి ఆకు నల్లబడకుండా ఆగిపోతుంది, అందుకే ఆ పచ్చదనం.

అయితే ఆ మూకుడు నుంచి మీకు ఐరన్ రాదు. ఇనుప మూకుడులో పులుసు కాస్తే కొంత ఇనుము కూరలోకి దిగే మాట నిజమే, దానికి తడీ పులుపూ కావాలి. పొడి ఆకు వేయిస్తే అది జరగదు. పైగా టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ అనే పదార్థాలు మాత్రలోని ఇనుమును, మనం తినే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును పట్టేసుకుని పేగుల్లోంచి రక్తంలోకి పోనివ్వవు. పాల టీ అయినా ఇంతే. టిఫిన్, టీ, ఐరన్ మాత్ర మూడూ ఒకే పూట పడుతున్నాయంటే, మీరు శ్రద్ధగా వేసుకున్న మాత్రలో చాలా భాగం వృథా అయి ఉండొచ్చు.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది ఇంకోటి. థైరాయిడ్ మాత్రకూ ఐరన్ మాత్రకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే ఐరన్ ఆ మందును కూడా అడ్డుకుంటుంది. చాలామంది ఉదయమే అన్ని మాత్రలూ వేసేసుకుంటే పని అయిపోతుందనుకుంటారు, వాళ్ల తప్పు కాదు, చీటీ రాసేటప్పుడు మేమే విడమరచి చెప్పాలి. మీరు ఇలా చేయండి. ఆరింటికి థైరాయిడ్ మాత్ర, మామూలు నీళ్లతో. గంట ఆగి టిఫిన్. తొమ్మిదిన్నర, పది మధ్య మీ గ్రీన్ టీ. సాయంత్రం నాలుగింటికి నిమ్మరసం నీళ్లతో ఐరన్ మాత్ర; కడుపులో తిప్పితే కొంచెం ఏదైనా తిని వేసుకోండి. విరేచనం నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర వల్లే.

నిద్ర సంగతికొస్తే, రంగు లేనంత మాత్రాన కెఫీన్ లేనట్టు కాదు. పురుగుల బారి నుంచి లేత చిగురును కాచేది కెఫీనే, కాబట్టి ముదురాకు కన్నా చిగురులోనే ఎక్కువ. కప్పు గ్రీన్ టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 వరకు ఫరవాలేదు, కానీ మీకు నిద్ర పట్టడం లేదు కదా, రాత్రి కప్పు ఇవాళే మానేయండి. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు.

బరువు విషయంలో ఆశ పెట్టుకోకండి. గ్రీన్ టీతో తగ్గేది లెక్కలోకి రానంత స్వల్పం. అది చూసి ఎవరైనా గ్రీన్ టీ క్యాప్సూల్స్ వాడమంటే మాత్రం వినకండి, ఆ గాఢమైన సారంతో లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారు. కప్పులో కాచుకునే టీతో ఆ భయం లేదు. నీళ్లు మరిగాక మూత తీసి నాలుగైదు నిమిషాలు ఆగి పోయండి, సలసలా కాగే నీళ్లు పోస్తే ఈ లేత ఆకు చేదెక్కుతుంది. పొగలు కక్కేంత వేడిగా తాగడం అన్నవాహికకూ మంచిది కాదు.

ఇంతా చెప్పి అసలు ప్రశ్న వదలకూడదు: మీకు రక్తం ఎందుకు తగ్గింది? ఈ వయసులో నెలసరి ఎక్కువ రోజులు, గడ్డలతో అవుతుంటే రక్తం అలాగే పోతూ ఉంటుంది. వెంటనే గైనకాలజిస్టును కలవండి. ఒంట్లో ఇనుము నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. పైన చెప్పిన వేళలు పాటించి నెల తర్వాత హిమోగ్లోబిన్ చూపించుకోండి. అది మామూలుకు వచ్చాక కూడా సుమారు మూడు నెలలు మాత్ర కొనసాగించాలి, అప్పుడే ఒంట్లో నిల్వలు నిండుతాయి. నడిస్తే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే నెల దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ కూడా చేయించండి. ఐరన్ అడ్డు తొలగితే థైరాయిడ్ మందు ఇప్పటికన్నా బాగా ఒంటికి పట్టి, డోసు తగ్గించాల్సి రావచ్చు. రిపోర్టు చూపించకుండా మీ అంతట మీరు మార్చకండి.