ఆ గరగర ఎక్కడిది?

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. పాడేరు సంతలో ముసలామె పసుపుకొమ్ములు తూచే చోటు బాగుంది. మిగతా కథ మీద కోపంతో రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం.

ఫోర్‌వీల్ జీపు ఘాట్ ఎక్కుతుంటే 'ఎక్కడినుంచో ఓ వింత గరగర' అన్నావు. నాలుగు పేజీల్లో తొమ్మిదిసార్లు అదే మాట. చివరికి అది కొండతల్లి ఏడుపని తేల్చేశావు. పదిమందిని ఎక్కించుకుని లోయ అంచున నడిపేవాడు ఒక్కసారైనా దిగి బండి కిందికి వంగి చూడడా? ఆ బండే కదా వాడి కూడు! చప్పుడు ఇంజను రేజింగుతో పెరుగుతోందా, చక్రాల వేగంతోనా అని ముందు చెవి పెడతాడు. చదును రోడ్డు రాగానే న్యూట్రల్ చేసి బండిని దొర్లనిస్తాడు. అప్పుడూ గరగర ఆగలేదంటే ఇంజను మీద అనుమానం వదిలేసి చక్రాలు, వాటిని తిప్పే షాఫ్టులు, ఇరుసు హౌసింగుల వైపు వస్తాడు. ఎడమకు తిప్పినప్పుడు మోత ఎక్కువైతే కుడి చక్రం బేరింగును పట్టుకుంటాడు, మలుపులో బరువు అటే పడుతుంది గనక. ఒక్కో అనుమానం తీరుతుంటే పాఠకుడి గుండె ఎలా కొట్టుకునేదో! అదంతా వదిలేసి 'వింత' అనే ఒక్క మాటతో సరిపెట్టావు.

రాయడం మొదలుపెట్టకముందు నేను జీపు క్లీనర్ని. 1984 వానాకాలంలో మా బండికి ఇలాంటి గరగరే పట్టుకుంది. బేరింగులే పోయాయని ఓనరు ముందు చక్రాలు రెండింటికీ కొత్తవి వేయించి, సగం డబ్బు నా జీతంలో కోశాడు. మోత అలాగే ఉంది. చోడవరంలో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఎప్పుడొస్తోందని అడిగాడు. "ఎప్పుడూ వస్తంది" అన్నాను. "ఎప్పుడూ అంటే జవాబు కాదురా. పోయి సరిగ్గా ఇని రా" అని నన్ను తిప్పి పంపాడు. నాకు కథ రాయడం నేర్పింది ఆ మాటే. మళ్లీ వెళ్లి, ఏ మలుపులో, ఏ గేరులో వస్తోందో విని వచ్చి చెప్పాను. ఆయన ముందు చక్రాలకు ఇంజను బలం మోసే కడ్డీని, అంటే ముందువైపు ప్రొపెల్లర్ షాఫ్టును, విప్పి పక్కన పెట్టి, వెనక చక్రాల మీదే బండి నడిపించాడు. చప్పుడు లేదు. షాఫ్టు చివర అటూ ఇటూ వంగనిచ్చే కీలు ఉంటుంది, దాన్నే క్రాసు అంటాం; దాని కప్పు ఊడదీస్తే లోపల సూది బేరింగులు అరిగిపోయి ఎర్రటి తుప్పుపొడి రాలింది.

కారణం కూడా ఆయనే చెప్పాడు. బురదబాట దాటి తారు మీదికి వచ్చాక కూడా మా డ్రైవరు నాలుగు చక్రాలకూ ఇంజను బలం పంపే ఫోర్‌వీల్ గేరు తియ్యడం లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ గేరులోనేమో ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. బురదలోనైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద ఆ బిగింపు షాఫ్టుల మీద, క్రాసుల మీద పడుతుంది. పైగా ఎన్నాళ్లుగానో గ్రీజు లేదు. మా జీపుకు ముందు చక్రాలను షాఫ్టు నుంచి విడదీసే ఫ్రీవీలింగ్ హబ్బులు లేవు, గేరు తీసినా ముందు షాఫ్టు తిరుగుతూనే ఉండేది. టూ వీల్‌లోనూ మోత వదలనిది అందుకే.

ఆ సంగతే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ఎడిటరు 'క్రాసు కప్పు' కొట్టేసి 'ఏదో యంత్రభాగం' అని అచ్చు వేశాడు, పాఠకులకు అర్థం కాదట. మా స్టాండులో ఆ కథ చదివి వినిపిస్తే డ్రైవర్లందరూ ఒక్కటే అడిగారు: "ఏ భాగం?" తెలిసీ ఎందుకు రాయలేదంటే నా దగ్గర జవాబు లేదు, కథ కింద ఉన్నది నా పేరే. ఆ అవమానం నాకింకా పచ్చిగానే ఉంది. ఇప్పుడు ఎడిటర్లు కొట్టెయ్యక్కర్లేదు, మార్మికత అంటూ మీరే ముందుగా కొట్టేసుకుంటున్నారు. ఆ మోజు నీకు వద్దు నాయనా. కొండ నిజంగా ఏడవాలంటే ముందు ఆ క్రాసు చప్పుడు నీకు తెలియాలి.

పోటీకి పంపాలా, పేరు మార్చాలా అని ఏవేవో అడిగావు. ముందు ఆ తొమ్మిది చోట్లా 'వింత' తీసేసి పక్కన పెట్టు. అక్కడ ఏం వినిపిస్తుందో చూడు. పాడేరు వెళ్లి, డ్రైవరు పక్క సీటులో కూర్చుని, ఘాట్ ఎక్కి దిగు. తిరిగొచ్చాక మళ్లీ రాసి పంపు, వెంటనే చదువుతాను. పసుపు ముసలామెను మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు