సంఘాల పనికి పోతున్న బిడ్డకు

బిడ్డా,

స్వచ్ఛంద సంస్థల చేరి మహబూబాబాద్ పల్లెలకు పోతున్నవని తెలిసి సంబురపడ్డ. పోంగనే కొత్త సంఘం పెట్టకు. ఊర్లల్ల ఐకేపీ సంఘాలు, అంటే సర్కారు పథకం కింద పెట్టిన ఆడోళ్ల పొదుపు సంఘాలు, ఎప్పటినుంచో ఉన్నయి. పక్కన ఇంకోటి పెడితే అదే ఆడమనిషి రెండు పొదుపులు, రెండు కిస్తీలు మొయ్యాలె. ఉన్నదాన్నే గట్టిచెయ్యి.

మీటింగు పగటిపూట వద్దు. పత్తి ఏరేటప్పుడు, మిర్చి కోతలప్పుడు కైకిలి ఇడిసిపెట్టి ఎవరూ రారు. వచ్చేది లీడర్లిద్దరే, తీర్మానం వాళ్లదే అయితది. రాత్రి అన్నాలు తిన్నంక కూర్చోండి.

ముందుగాల మిత్తి లెక్క చూడు. 10,000 అప్పు, రూపాయి మిత్తి, నెలకు 1000 అసలు చొప్పున 10 కిస్తీలు అనుకో. మిగిలిన అసలు మీద లెక్కగడితే మొదటి నెల 100, రెండో నెల 90, అట్ల దిగుకుంట మొత్తం మిత్తి 550. పుస్తకం రాసేటామె ప్రతి నెలా 100 వేసిందనుకో, 1000 అయితది. అంటే 450 ఎక్కువ గుంజినట్టే. చదువు రానామెకు ఇది ఎట్ల తెలుస్తది? అందుకే కిస్తీ కట్టంగనే ఆమె పాస్‌బుక్కుల రాయించి, ఇంకా ఎంత అసలున్నదో అందరి ముందర గట్టిగ చదివించు. నెలకోసారి సంఘం పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్కు పక్కపక్కన పెట్టి సరిచూడు. తేడా వస్తే దొంగతనమని అరవకు. కట్టిన పైసలు బ్యాంకుల వెయ్యక లీడర్ ఇంట్లనే ఉన్నయేమో ముందు అడుగు.

అప్పు ఎవరి చేతిల పడ్డదో కూడ చూడాలె. సంతకం ఆమెది, పైసలు మొగనియి, కిస్తీ మాత్రం ఆమె కైకిలి పైసలకెళ్లే పోతది. తీర్మానంల "బర్రె కొనుటకు" అని ఉంటే నెల తిరగకముందే దొడ్డికి పోయి బర్రెను చూసిరా.

ఇంట్ల దెబ్బలు తింటున్నామెను మాత్రం మీటింగుల మాట్లాడించకు. పొద్దుగూకేసరికి మొగనికి తెలుస్తది, ఆ రాత్రే ఇంకా ఎక్కువ కొడతడు. చేను బాటల ఒంటిగ ఉన్నప్పుడు అడుగు. ఆడోళ్ల 181 హెల్ప్‌లైన్ రాత్రిపగలు పలుకుతది. దెబ్బలు తిన్న ఆడోళ్లకోసం సర్కారు పెట్టిన సఖి కేంద్రంల తాత్కాలికంగ ఉండ చోటు, వైద్యం, వకీలు సాయం దొరుకుతయి. "ఇల్లు ఆయన పేరున ఉంది, నేనెక్కడికి పోవాలె" అనే అంటరు చానమంది. 2005 గృహహింస చట్టం కింద, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లకెళ్లి కోర్టు ద్వారా తప్ప ఆమెను వెళ్లగొట్టరాదు. ఇది ఆమెకు నెమ్మదిగ, రెండుసార్లు చెప్పు. ఈ చట్టం కింద సర్కారు పెట్టిన రక్షణ అధికారి రిపోర్టు రాసి మెజిస్ట్రేటుకు పంపుతరు. ఆధార్, పెళ్లి ఫొటో, దవాఖాన చీటీలు ఒక కవర్ల పెట్టి తల్లిగారింట్ల దాచిపెట్టమను. నీ నంబరు ఆమె ఫోన్ల సంస్థ పేరు మీద ఉండనియ్యకు, మొగడు తీసి చూస్తడు.

నీ పెద్దమ్మ