సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏటీ లేదప్పా అన్న చెల్లికి

పలాస పక్క ఊరి నుంచి ఒక చెల్లి రాసింది, పేరు వెయ్యొద్దంది. వయసు 36. జీడి ఫ్యాక్టరీలో పప్పుకి పొర తీసే పని, కేజీల లెక్కన కూలి. భర్త చెన్నైలో సెంట్రింగ్ పని, మూడు నాలుగు నెలలకోసారి వస్తాడు. ఇద్దరు పిల్లలు. అత్తకి కిడ్నీలు పాడయ్యి వారానికి రెండుసార్లు డయాలసిస్, తీసుకెళ్ళేది ఈ పిల్లే. 2018లో తిత్లీ తుఫానుకి ఉన్న కాస్త కొబ్బరిచెట్లూ పడిపోయాక, ఆ దిగుల్లో ఒక సంఘానికి వెళ్ళడం మొదలెట్టి తర్వాత బాప్తిస్మం తీసుకుంది. ఇంట్లో నమ్ముకున్నది తనొక్కతే. ఇప్పుడు తన బాధ ఏంటంటే, "ఆదివారం అందరూ లేచి సాక్ష్యం చెప్తారు, జబ్బు నయమైందని, స్థలం కొన్నామని. నాకు చెప్పుకోడానికి ఏటీ లేదప్పా. యేసయ్య సమృద్ధి జీవం ఇస్తానన్నాడు కదా, నాకెందుకు రాలేదు? నా విశ్వాసం దొంగదా? 21 రోజులు ఉపవాసం ఉండమన్నారు, ఉండాలా? ఫ్యాక్టరీ మానేసి బైబిల్ ట్రైనింగ్‌కి వెళ్ళిపోతే నా బతుక్కి ఒక అర్థం వస్తాదా?"

చెల్లీ, అప్పా అని, అంటే మన వైపు అక్కని పిలిచే పిలుపుతో మొదలెట్టావు చూడు, అక్కడే మనసు కరిగిపోయింది నాకు. మా విజయనగరంలో ఇప్పుడు పిల్లలందరూ అక్క, ఆంటీ అంటున్నారు, అప్పా అనేవాళ్ళు మా అమ్మతోనే పోయారనుకున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి రెండుసార్లూ నువ్వు అడిగిన ప్రశ్నలే కనబడ్డాయి, మూడోసారి మధ్యలో నువ్వు మాటవరసకి రాసి వదిలేసిన ఒక సంగతి కనబడింది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు వేరే మాట. "రాత్రి పడుకున్నదాన్ని పొద్దున్న లేవకపోతే బాగుణ్ణు అనిపిస్తాది" అని రాసి, పక్కనే "ఇది పాపమేమో" అన్నావు. పాపం సంగతి పక్కన పెట్టమ్మా. ఏలీయా లాంటి ప్రవక్త, కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసినోడు, ఆ వెంటనే యెజెబెలు రాణికి భయపడి అడవిలోకి పారిపోయి బదరీ చెట్టు కింద కూలబడి ఇంక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. 1 రాజులు 19లో ఉంది, చదువుకో. దేవుడు అతన్ని తిట్టలేదు, నీకు విశ్వాసం తగ్గింది అనలేదు, ఉపవాసం ఉండమని అస్సలు అనలేదు. దూత వచ్చి నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు ఇచ్చి తినమన్నాడు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. అంతే. ప్రసంగం తర్వాత సంగతి.

నేను 31 ఏళ్ళు నర్సుగా చేశాను కాబట్టి ఆ దూతలాగే చెప్తున్నా. ఆ ఉపవాసం ఇప్పుడు వద్దు. పగలంతా కూర్చుని పప్పు తీసి, వారంలో రెండు రోజులు ఆసుపత్రి బెంచీ మీద గడిపి, రాత్రి వంట చేసే మనిషివి, మీ ఉద్దానం ఉక్కలో నీళ్ళు కూడా సరిగ్గా తాగకుండా 21 రోజులంటే పడిపోతావు. దాని బదులు ఈ వారం నీ రక్తం చూపించుకో, హిమోగ్లోబిన్, థైరాయిడ్, అలాగే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా, కిడ్నీ జబ్బు ఎక్కువున్న మీ ఉద్దానం ఊళ్ళలో ఆ పరీక్ష అత్తకే కాదు కోడలికీ అవసరమే. చావు ఆలోచన మళ్ళీ వస్తే దాచుకోకు, 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వానిదే, టెలిమానస్ అంటారు, ఏ టైంలో అయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం అవ్వవు. అదే పనిగా వస్తుంటే శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మానసిక డాక్టర్ దగ్గరికి వెళ్ళు. జ్వరానికి మాత్ర వేసుకుంటే విశ్వాసం పోదు కదా, దీనికీ పోదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాదొక కథ ఉంది. మా ఆయన కేన్సర్‌తో పోయిన కొత్తలో ఒక బోధకుడు మా ఇంటికొచ్చి, నేనిచ్చిన కాఫీ తాగుతూ, "నీకు ఆవగింజంత విశ్వాసం ఉండుంటే మనిషి దక్కేవాడమ్మా" అన్నాడు. ఏడాదిన్నర పాటు నేను గుడిలో ఆఖరి బెంచీలో కూర్చున్నా, పాట పాడలేదు, నోరు పెగల్లేదు. ఆ మాట ఎంత తప్పో తెలియడానికి నాకు అన్నాళ్ళు పట్టింది, నీకు పట్టకూడదు.

సరే సాక్ష్యం సంగతి. మన సంఘాల్లో ఒక అలవాటు పడిపోయింది, కష్టం, ప్రార్థన, అద్భుతం, ప్రైస్ ది లార్డ్, ఈ వరసలో ఉంటేనే సాక్ష్యం. నయం కానోళ్ళు, స్థలం కొననోళ్ళు లేచి నిలబడరు. అలాగని వాళ్ళు లేరా? నీ వెనక వరసలో సగం మంది వాళ్ళే. బైబిల్లో 88వ కీర్తన తీసి చూడు. మొదటి నుంచి చివరి దాకా ఏడుపే, మిగతా కీర్తనల్లాగా చివర్లో స్తోత్రం వైపు తిరగదు, చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ బైబిల్లోంచి చింపెయ్యలేదు. దేవుడితో గొడవపడుతూనే దేవుడితోనే మాట్లాడ్డం, అది కూడా విశ్వాసమే. నువ్వు చేస్తున్నదీ అదే, నీది దొంగ విశ్వాసం అయితే ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు రాస్తావు.

సమృద్ధి జీవం మాట యోహాను 10:10లో ఉంది. మీ ఇంట్లో బియ్యం డబ్బా మీద అంటించావన్నావే కొత్త సంవత్సరం వాగ్దానం కార్డు, దాని మీద ఉన్నది అదే. కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది, అదీ చిక్కు. దాని కింద 11వ వచనం చూడు, నేను గొఱ్ఱెలకు మంచి కాపరిని, మంచి కాపరి గొఱ్ఱెల కోసం తన ప్రాణం పెడతాడు అంటాడు. సమృద్ధి అన్న నోటితోనే వెంటనే ప్రాణం పెట్టడం గురించి మాట్లాడాడు, స్థలం గురించి కాదు. దీన్ని నేను మరీ లాగి చెప్పదల్చుకోలేదు, నీ కష్టమే నీ సమృద్ధి అని చెప్పే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట, కూలి పెంచమని అడగాల్సిన చోట అడగాల్సిందే. కానీ ఆయన చెప్పిన జీవం ఎలాంటిదో తెలీకుండా రాలేదు రాలేదు అని ఏడుస్తున్నావేమో అని అనుమానం.

ఇప్పుడు ఆ మూడోసారి కనబడ్డ సంగతి. నువ్వు రాసింది నీకే చదివి వినిపిస్తా. "డయాలసిస్ మూడో గంటకి మా అత్తకి చలేస్తాది, నా పాత చీర మడత పెట్టి కాళ్ళ మీద కప్పుతాను, నా చేతులు జీడికి నల్లబడిపోయి గరుకు కదా, పాదాలు రుద్దితే ఇష్టం ఆవిడకి. అప్పుడు కీర్తన పాడమంటాది, కానీ మెల్లగా పాడు, పక్కోళ్ళు వింతారు అంటాది."

చెల్లీ! దీన్ని నువ్వు ఉత్తరం మధ్యలో పడేసి, నాకు చెప్పుకోడానికి ఏటీ లేదంటావా? గ్రామదేవత పండగకి ఘటం ఎత్తే ఆవిడ, నువ్వు బాప్తిస్మం తీసుకున్నావని రెండేళ్ళు నీ చేతి నీళ్ళు ముట్టని ఆవిడ (నువ్వు రాసిందే), కీర్తన పాడమని అడుగుతోంది. నేనైతే దీన్ని అద్భుతం అనను, ఆ మాట వాడి వాడి అరగ్గొట్టేశారు. ఆవిడకి నీ పాదం రుద్దుడు కావాలి, నీ పాట కావాలి, అంతే. దాన్ని పట్టుకుని రేపు ఆవిడ మారుమనసు పొందేసిందని ఆదివారం చెప్పెయ్యకు. ఆవిడ్ని సంఘానికి తీసుకురావడం నీ సాక్ష్యం కోసం పెట్టుకోకు, డయాలసిస్ మంచం మీద కదల్లేని మనిషికి బోధ చెయ్యడం అన్యాయం. అడిగితే పాడు. మెల్లగానే పాడు.

ఎవరైనా ప్రార్థన చేశాం డయాలసిస్ మానెయ్యమంటే మాత్రం ఇంట్లోంచి పంపించెయ్యి. అలాగే కొబ్బరినీళ్ళు ఇవ్వకు, మీ వైపు వంటికి చలవని ఇచ్చేస్తారు, డయాలసిస్ వాళ్ళకి అందులో పొటాషియం గుండెకి ప్రమాదం.

ట్రైనింగ్ గురించి. యేసు సేవ మొదలెట్టేసరికి సుమారు 30 ఏళ్ళు అని లూకా రాశాడు, సేవ చేసింది మూడేళ్ళో ఎంతో. అంతకుముందు నజరేతులో వడ్రంగం. అన్నేళ్ళ గురించి సువార్తల్లో పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో తప్పిపోయిన కథ తప్ప దాదాపు ఏమీ లేదు, అంటే సాక్ష్యం చెప్పేంత ఏమీ జరగలేదన్నమాట. అవి వృథా అయిపోయిన ఏళ్ళని నువ్వంటావా? నీకు నిజంగా పిలుపు ఉంటే పిల్లలు కాస్త ఎదిగాక కూడా ఉంటుంది. ఇప్పుడు నువ్వు వెళ్తే మంగళవారం, శుక్రవారం అత్తని ఎవరు తీసుకెళ్తారు? ఆ ప్రశ్నకి జవాబు దొరికినప్పుడు మళ్ళీ రాయి, అప్పుడు మాట్లాడదాం. నాకైతే నువ్వు సేవకి కాదు, ఆ ఫ్యాక్టరీ నుంచి పారిపోవాలనుకుంటున్నావనిపించింది, అది తప్పేం కాదు, కాకపోతే దానికి దేవుడి పేరు పెట్టకు.

మీ ఆయనకి ఫోన్ చేసి, దేవుడి గురించి కాదు, వాళ్ళమ్మ గురించి మాట్లాడు. ఈసారి వచ్చినప్పుడు పదిహేను రోజులు ఉండి నాలుగు డయాలసిస్‌లకి నువ్వే తీసుకెళ్ళు అని చెప్పు, అడగడం కాదు, చెప్పడం. ఆ నాలుగు పూటలూ నువ్వు పడుకో. వంట కూడా వద్దు, పిల్లలకి ఇడ్లీ కొనిపెట్టు.

సంఘంలో వెనక వరస వాళ్ళు ఉన్నారన్నాను కదా, వాళ్ళలో ఒకరితో కూటం అయ్యాక చెప్పులేసుకునే దగ్గర మాట్లాడి చూడు, నాకూ చెప్పడానికి ఏటీ లేదొదినా అని మొదలెట్టు. ఏమన్నదో నాకు రాయి. రక్తం రిపోర్ట్ కూడా రాయి, ముందు అది.