ఎక్కువ భాషలు వస్తే బుర్ర పదునెక్కుతుందా?

మీ ఇంట్లో తెలుగు, మీ ఆవిడ వైపు ఒడియా. నాలుగేళ్ల బాబు రెండూ కలిపేసి మాట్లాడుతున్నాడు, దీనివల్ల తెలివి పెరుగుతుందా లేక గందరగోళపడతాడా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. వైజాగ్ మర్రిపాలెంలో రైల్వే క్వార్టర్స్ దగ్గర కిరాణా కొట్టు నడిపిన ఇంట్లో పుట్టాను, అంతే.

నాన్నకి తెలుగు, ఒడియా, హిందీ బాగా వచ్చు, బెంగాలీ బేరం వరకూ. ఒకరు హళది అంటారు, ఒకరు హల్దీ, ఇంకొకరు హలుద్. ఆయన చెయ్యి నేరుగా పసుపు డబ్బా మీదకే పోయేది. కానీ బేరం ఏ భాషలో సాగినా చిల్లర మాత్రం పెదాలు కదుపుతూ తెలుగులోనే లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరైనా హిందీలో పలకరిస్తే లెక్క తప్పేది, మళ్లీ మొదటికి. అన్ని భాషలొచ్చినా లెక్కల్లో ఆయనకి ఒరిగిందేమీ నాకు కనపడలేదు.

నా సంగతి ఇంకా ఘోరం. మొన్న పూర్ణా మార్కెట్‌లో వెల్లుల్లి అనబోతే నోటికి రసుణ వచ్చింది, తర్వాత లహసున్ వచ్చింది, తెలుగు మాట మాత్రం రాదు. "ఏటమ్మా, ఏటి కావాలి?" అని కొట్టతను విసుక్కుంటే వేలు పెట్టి చూపించాను. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం రెండు భాషలవాళ్లలో కాస్త ఎక్కువేనని పరిశోధకులూ గమనించారు.

రెండు భాషలు పిల్లల బుర్ర పాడుచేస్తాయని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. 1962లో మాంట్రియల్‌లో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ వచ్చిన పదేళ్ల పిల్లలు తెలివి పరీక్షల్లో ముందుండడంతో గాలి మారింది. నీలం సిరాతో 'ఎరుపు' అని రాసి, సిరా రంగు చెప్పమనే లాంటి పరీక్షల్లో వీళ్లు మెరుగని తర్వాత చాలామంది రాశారు. 2018లో పెద్దవాళ్ల మీద జరిగిన 152 అధ్యయనాలను కలిపి చూస్తే ఆ లాభం దాదాపు మిగల్లేదు.

నాకు గట్టిగా అనిపించింది మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం చేసిన పని. 2013లో వచ్చింది. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్న 648 మందిని చూస్తే, ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండో భాష వచ్చినవాళ్లలో అది సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వాళ్లలోనూ ఆలస్యంగానే బయటపడింది, కాబట్టి ఇది బడి చదువు మహిమ అనడానికి లేదు. మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు లాభం మాత్రం కనపడలేదు. అలాగని జబ్బు రాదని కాదు, ఆలస్యం అంతే.

బాబు విషయంలో కంగారు వద్దు. పిల్లలు భాషలు కలపడం మామూలే. ఒక్కో భాషలో మాటలు కాస్త తక్కువ ఉండొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే సరిపోతుంది. మా పాపకి మాటలు ఆలస్యమయ్యాయని ఒక స్కూల్ టీచర్ ఇంట్లో తెలుగు మానేయమన్నారు. మూడు వారాలు మానేశాం. పాపకి ఇంగ్లీషు రాలేదు సరికదా, నాన్నమ్మతో మాటలే ఆగిపోయాయి. తర్వాత చెవి పరీక్ష చేయిస్తే అసలు తేడా వినికిడిలో ఉందని తేలింది. మీవాడికి నిజంగా మాటలు వెనకబడితే ముందు అది చూపించండి, భాష మీద నెట్టేయకండి.

ఇక మా అమ్మ. ఆవిడకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. 74 ఏళ్లు, ఇరవై మంది చీటీ లెక్క ఇప్పటికీ నోటితోనే చెప్తుంది. చిల్లర లెక్క తప్పినప్పుడల్లా నాన్న కేకేసేది కూడా ఆవిడనే.