ఉగాండా వదిలి యాభై ఏళ్లు దాటినా, బ్రిటన్‌లోని గుజరాతీలకు ఆ దేశం మీద ఇంకా బెంగ ఎందుకు?

1972 ఆగస్టులో ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆసియా వాళ్లను (ఎక్కువమంది గుజరాతీలే) 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. సుమారు 28,000 మంది బ్రిటన్ చేరారు. వాళ్లలో చాలామంది పుట్టి పెరిగింది ఉగాండా నగరాలు కంపాలాలోనో జింజాలోనో. గుజరాత్ అంటే తాతల ఊరు, అంతే. కాబట్టి సొంతూరు అనగానే గుర్తొచ్చేది ఆఫ్రికాయే.

ఆ బెంగ ముందు తిండిలో బయటపడుతుంది. బ్రిటన్ నగరం లెస్టర్‌లో ఇప్పటికీ 'మోగో' దొరుకుతుంది: కర్రపెండలం ముక్కలు ఉడకబెట్టి, నూనెలో కరకరలాడేలా వేయించి, ఉప్పూకారం చల్లి నిమ్మకాయ పిండుతారు. (మా ఊరు రావద్దని 1972లో ఉగాండా పత్రికలో ప్రకటన ఇచ్చింది ఈ లెస్టర్ నగరపాలక సంస్థే!)

అయితే ఈ జ్ఞాపకాలు ఒక వైపువే. ఎర్రమట్టి దారులు, విక్టోరియా సరస్సు ఒడ్డున గడిపిన సెలవులు నిజమే. కానీ చాలా ఇళ్లలో అంట్లు తోమింది, బట్టలుతికింది ఆఫ్రికన్లు. వలసపాలనలో బడులు కూడా జాతికొకటి. ఆ పనివాళ్ల పిల్లల బాల్యం ఈ కబుర్లలో పెద్దగా వినిపించదు.

1990లలో ఉగాండా అధ్యక్షుడు ముసెవెనీ ప్రభుత్వం, అప్పట్లో లాక్కున్న ఆస్తులు వెనక్కిస్తామంటే కొందరు తిరిగెళ్లి వ్యాపారాలు పెట్టారు. ఎక్కువమంది వెళ్లలేదు; పిల్లల చదువులు, ఉద్యోగాలు అప్పటికే బ్రిటన్‌లో కుదురుకున్నాయి.