మూలకణాల మీద రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

మూలకణాల (కొత్త కణాలను పుట్టించే స్టెమ్ సెల్స్) మీద, క్యాన్సర్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ప్రింట్ తీయించి, పెన్సిల్ పట్టుకొని రెండుసార్లు చదివాను. భాష బాగుంది. మైక్రోబయాలజీ చదివినవాళ్లు చాలామంది పరీక్షకు జవాబు రాసినట్టు రాస్తారు, నువ్వు అలా రాయలేదు. కానీ ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగంతో మొదలుపెట్టి, ఆఖరి పేరాకల్లా "ఇక క్యాన్సర్‌కు చరమగీతమే" అనేశావు. ఆ రెండింటి మధ్య కనీసం పదిహేనేళ్ల కథ ఉంది. అదేమైంది?

ముందు నిన్ను చదివేది ఎవరో చెప్తాను. పత్రికలో నా వ్యాసం కింద నంబరు వేసినప్పుడల్లా ఫోన్లు వస్తాయి. మూలకణం ఎలా విభజన చెందుతుందని ఒక్కరూ అడగరు. "ఆ మందు ఎక్కడ దొరుకుతుందండీ? ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీలో వస్తుందా?" అని అడుగుతారు. కొందరు అడక్కుండానే రిపోర్టులన్నీ వాట్సాప్‌లో పెట్టేస్తారు. ఆ ఇంట్లో ఎవరికో కీమో నడుస్తూ ఉంటుంది. ఉన్న అరెకరం అమ్మాలా వద్దా అని తర్జనభర్జన పడుతూ ఉంటారు. క్యాన్సర్ పరిశోధన గురించి తెలుగులో ఏం రాసినా అందరికంటే ముందు, అందరికంటే శ్రద్ధగా చదివేది వీళ్లే. నీకు ఫోన్ చేయాల్సిన పని లేకుండా వాళ్ల ప్రశ్నకు జవాబు వ్యాసంలోనే దొరకాలి. జవాబు "ఇంకా రాలేదు" అయినా సరే, "ఇక రాదేమో" అయినా సరే.

నువ్వు ఎంచుకున్న సీడీ47 సంగతే తీసుకుందాం. నిజానికి మంచి విషయం పట్టుకున్నావు. మూలకణాలు, రోగనిరోధక శక్తి, క్యాన్సర్ మూడూ ఒకే చోట కలిసే కథ ఇది. మన ఒంట్లో మాక్రోఫేజ్‌లనే కణాలుంటాయి, పాతబడ్డవాటినీ పాడైనవాటినీ మింగేయడం వాటి పని. కణం పైన సీడీ47 అనే ప్రొటీన్ ఉంటే "నన్ను తినకు" అని చెప్పినట్టు లెక్క, మాక్రోఫేజ్ వదిలేస్తుంది. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఎముక మూలుగలోంచి రక్తంలోకి వచ్చినప్పుడు ఈ ప్రొటీన్‌ను పెంచుకుంటాయనీ, లుకేమియా (రక్త క్యాన్సర్) కణాలు కూడా ఇదే ఎత్తు వేస్తాయనీ అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం 2009లో చూపించింది. ఆ సంకేతాన్ని యాంటీబాడీతో (దానికి అతుక్కొని కప్పేసే ప్రొటీన్‌తో) మూసేస్తే ఎలుకల్లో మాక్రోఫేజ్‌లు క్యాన్సర్ కణాలను తినేశాయి. నీ వ్యాసం సరిగ్గా ఇక్కడ ఆగిపోయింది.

తర్వాత ఏమైందో చూడు. ఆ యాంటీబాడీ కోసం ఫార్టీ సెవెన్ అనే కంపెనీ పుట్టింది, వైస్‌మన్ కూడా వ్యవస్థాపకుల్లో ఒకరు. మందు పేరు మాగ్రోలిమాబ్. మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. ఎర్ర రక్తకణాలూ సీడీ47 అండతోనే బతుకుతాయి, మందు ఇస్తే ముసలి ఎర్రకణాలను మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి, రక్తహీనత వస్తుంది. దానికి పరిశోధకులు తెలివైన ఉపాయం కనిపెట్టారు. ముందు చిన్న డోసు ఇచ్చి ముసలి కణాలను పోనిస్తే, మూలుగ కొత్తవాటిని తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత పెద్ద డోసు. 2018లో లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) రోగులు 22 మందికి రిటుక్సిమాబ్ అనే పాత మందుతో కలిపి ఇస్తే సగం మందిలో జబ్బు తగ్గింది, వాళ్లలో 8 మందిలో కనిపించకుండా పోయింది. 2020లో గిలియడ్ అనే మందుల సంస్థ ఆ కంపెనీని 490 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ రోజుల్లో రాసి ఉంటే నీ ఆఖరి వాక్యం ఎవరికీ తప్పనిపించేది కాదు.

2023 జూలైలో ఎండీఎస్ అనే మూలుగ జబ్బు మీద జరుగుతున్న మూడో దశ ట్రయల్‌ను (అనుమతికి ముందు రోగుల మీద చేసే పెద్ద పరీక్షను) ప్రయోజనం లేదని ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో ఏఎంఎల్ అనే రకం లుకేమియా మీద ట్రయల్ కూడా ఆగింది. అక్కడ మందు పని చేయకపోవడమే కాదు, తీసుకున్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్ల వల్ల, శ్వాస వైఫల్యం వల్ల మరణాల ముప్పు పెరిగింది. మొదటి ట్రయల్స్‌లో అంత బాగా కనిపించింది మూడో దశలో ఎందుకు చతికిలపడింది? ఒక ముఖ్య కారణం, ఎండీఎస్‌లో మొదట చేసిన ట్రయల్స్‌లో అందరికీ ఇదే మందు ఇచ్చారు. పోల్చి చూసుకోవడానికి మరో గుంపు లేదు. మూడో దశలో సగం మందికి పాత మందు మాత్రమే ఇచ్చి పక్కపక్కన పెట్టి చూశారు, తేడా కనబడలేదు. కాబట్టి "70 శాతం మందికి నయం" లాంటి వాక్యం ఎక్కడ కనిపించినా, దేనితో పోలిస్తే అని అడుగు. జవాబు దొరక్కపోతే ఆ అంకె వేయకు.

దీంతో సీడీ47 ఆలోచనే తప్పని రాసినా పొరపాటే. వేరే రకం అణువులతో ఇదే దారిలో పని చేస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. నాకైతే ఎలుకల విజయం కంటే ఈ పదిహేనేళ్ల నడకే ఆసక్తిగా అనిపిస్తుంది. ఎర్రకణాల చిక్కు, చిన్న డోసు ఉపాయం, కోట్ల డాలర్లు, చివరికి బోర్లా పడటం. ఇంతకంటే మంచి కథ ఏముంటుంది? డబ్బు సంగతి తప్పకుండా రాయి. పరిశోధన చేసినవాళ్లకే కంపెనీలో వాటా ఉంటే అది దాచాల్సిన విషయమేమీ కాదు, కానీ చదివేవాళ్లకు తెలియాలి.

ఇంకో మాట. మనవాళ్లు క్యాన్సర్ మీద ఏం రాసినా భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావుతో మొదలుపెడతారు, నువ్వూ పెట్టావు. తీసెయ్యమనను గానీ, పెట్టిన తర్వాత సగంలో వదిలెయ్యకు. అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మంది తేరుకున్నారు, కొన్ని నెలలే. 1948లో ఆ సంగతి రాసిన పేపర్ శీర్షికలోనే, మొట్టమొదటే, ఇది తాత్కాలికమని ఉంది. లుకేమియాకు ఏ మందూ లేని కాలంలో, చావు అంచు నుంచి పిల్లలు లేచి కూర్చుంటుంటే, ఆ మనిషి తన పేపర్‌కు పెట్టుకున్న శీర్షిక అది. నీ శీర్షిక పక్కన పెట్టి చూసుకో.

కార్-టీ గురించి నువ్వు రాసింది సరిగ్గానే ఉంది, కానీ ఎవరికి అన్నది లేదు. రోగి రక్తంలోంచి టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) తీసి, సీడీ19 అనే గుర్తును పట్టగలిగే శక్తినిచ్చే జన్యువును వాటిలో పెట్టి, పెంచి, మళ్లీ ఎక్కిస్తారు. సీడీ19 ఉండేది బీ కణాలనే మరో రకం రోగనిరోధక కణాల మీద. అందుకే ఇది బీ కణాల లుకేమియా, లింఫోమాలకు పని చేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కో నోటి క్యాన్సర్‌కో కాదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎంతమంది ముంబై రైలెక్కుతారో నీకు తెలీదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబర్‌లో మన దేశంలో అనుమతి వచ్చింది. అమెరికాలో మొదటి కార్-టీ మందు 2017లో 4,75,000 డాలర్లతో మొదలైతే, మనది దానిలో పదో వంతు దరిదాపుల్లో ఉందని వార్తలొచ్చాయి. పదో వంతన్నా అప్పట్లో 40 లక్షల పైమాటే, ఆసుపత్రి ఖర్చు వేరే. "చవక" అని రాసేటప్పుడు ఈ అంకె పక్కనే వెయ్యి. చికిత్స తర్వాత అరుదుగా టీ కణాల క్యాన్సర్ రావచ్చని 2024లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టించిన సంగతి కూడా చేర్చు, భయపెట్టకుండా.

మోకాళ్లకీ, షుగర్‌కీ, ఆటిజానికీ మూలకణ చికిత్స అంటూ హోర్డింగులు నువ్వూ చూసే ఉంటావు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి లాంటి రుజువైనవి తప్ప, మిగతావి అనుమతి ఉన్న ట్రయల్‌లోనే చేయాలి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇది వ్యాసంలో ఎక్కడో మూలన పెట్టకు, పై భాగంలోనే పెట్టు. ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐలో (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే వెబ్‌సైట్‌లో) ఎవరైనా వెతుక్కోవచ్చని, రిజిస్ట్రేషన్ నంబరు అడగమని చెప్పు. నంబరు ఉన్నంత మాత్రాన మందు పని చేస్తుందని అర్థం కాదనీ చెప్పు. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని బిడ్డ కోసమే ప్రైవేటు బ్యాంకులో దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని కూడా ఐసీఎంఆరే చెప్పింది. గర్భిణుల దగ్గర ఇదో టెన్షన్ వ్యాపారమైపోయింది, దాని మీద విడిగా రాయొచ్చు.

అన్నీ అనుమానాలే రాయమంటున్నానా అని నీకు అనిపించొచ్చు. లేదు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లి రా. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉండే మూలకణాలు కంటి పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా వేస్తుంటాయి. సున్నమో యాసిడో పడి అవి చచ్చిపోతే చూపు మసకబారుతుంది. వాళ్లు 2001 నుంచి ఈ కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించేవారు. తర్వాత వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబ్ అవసరమే లేని పద్ధతి కనిపెట్టి 2012లో ప్రచురించింది. బాగున్న కంట్లోంచి 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని మళ్లీ చిన్నచిన్న ముక్కలు చేసి, మాయ నుంచి తీసిన పొర మీద నారు నాటినట్టు అక్కడక్కడా అతికిస్తారు. అవి పెరిగి ఒకదాన్నొకటి కలుస్తాయి. ల్యాబ్ ఖర్చు తప్పింది కాబట్టి చిన్న ఆసుపత్రులూ చేయగలిగాయి. ఇందులో అద్భుతం అనే మాట ఎక్కడైనా వాడాల్సి వచ్చిందా?

నీ తర్వాతి వ్యాసానికి రెగ్యులేటరీ టీ కణాలు (రోగనిరోధక దాడిని అదుపులో పెట్టేవి) తీసుకో. 2025 వైద్య నోబెల్ వాటి మీద పని చేసినవాళ్లకే వచ్చింది, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి. పుట్టిన మూడో రోజున థైమస్ (టీ కణాలు తయారయ్యే గ్రంథి) తీసేసిన ఎలుకల్లో ఒళ్లు తన మీద తానే దాడి చేసుకోవడం ఎందుకన్న ప్రశ్నతో సకగుచి బయల్దేరి, 1995లో ఈ కణాలను చూపించాడు. ఇవి తక్కువైతే ఆటోఇమ్యూన్ జబ్బులు వస్తాయి. కణితి చుట్టూ ఎక్కువైతే క్యాన్సర్‌కు కాపలా కాస్తాయి. ఒకే కణాన్ని ఒక రోగిలో పెంచాలి, మరో రోగిలో తగ్గించాలి. కీళ్లవాతం ఉన్న మనిషీ క్యాన్సర్ ఉన్న మనిషీ ఇద్దరూ చదువుతారనుకొని రాయి. సకగుచి కథ ఒక పేజీ దాటనివ్వకు. ప్రయోగం చేసినవాళ్లతో పాటు, ఆ పరిశోధనతో సంబంధం లేని ఇంకో శాస్త్రవేత్తతో కూడా మాట్లాడు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలోనో, ఏదైనా మెడికల్ కాలేజీలోనో ఎవరో ఒకరు దొరుకుతారు. మెయిల్‌కు జవాబు రాకపోతే ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఈ నెలాఖరుకల్లా పంపితే నేను చూసి ఇస్తాను. ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.

నీ
మాస్టారు