పాత మోకాలి దెబ్బ సర్వీసులో తగిలిందేనని స్కాన్ చెబుతుందా?

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. సైన్యంలో పదిహేడేళ్లు చేశాను. 2003లో రాత్రి శిక్షణలో వీపున బరువుతో లారీ మీంచి దూకితే కుడి మోకాలు మెలిపడి ‘టప్’మంది. గంటలోపే వాచింది. కోర్సు పోతుందన్న భయంతో ఎవరికీ చెప్పకుండా క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని తిరిగాను. రికార్డులో ఏమీ లేదు. ఇప్పుడు మెట్లు దిగలేకపోతున్నాను. రెండేళ్లుగా నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నా. బీపీకి టెల్మిసార్టన్ వాడతాను. ఈమధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. పింఛను కేసు కోసం, దెబ్బ సర్వీసులోదేనని ఎంఆర్ఐతో రుజువవుతుందా? డాక్టర్ ఏమని రాసివ్వాలి?

జవాబు: మాటవరసకి అన్నట్టు పాదాల వాపు గురించి రాశారు. నాకు ముందు దాని గురించే భయం. డైక్లోఫెనాక్ రోజూ వాడితే ఒంట్లో నీరు చేరుతుంది, బీపీ పెరుగుతుంది. టెల్మిసార్టన్‌ తోడైతే కిడ్నీల మీద భారం ఇంకా ఎక్కువ. మీ బీపీ మాత్రలో నీరు పోయే మందు కూడా కలిసి ఉందేమో స్ట్రిప్ తిప్పి చూడండి. ఉంటే ప్రమాదం మరింత. డైక్లోఫెనాక్ ఈరోజే ఆపేయండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్రంలో ప్రొటీన్ ఈ వారంలోనే చూపించుకోండి. మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఒక్క కాలే వాచి పిక్క నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో, అదీ అదేరోజు చూడాల్సిందే.

ఆ డైక్లోఫెనాక్ ఎవరు రాశారో మీరు చెప్పలేదు. ఎవరూ రాయలేదనే అనుకుంటున్నాను. అప్పుడంటే కోర్సు కోసం నొప్పి దాచారు, అర్థం చేసుకోగలను. ఇప్పుడు ఎవరి కోసం? డాక్టర్‌కి చూపించుకుని ఉంటే ఈ రెండేళ్లకూ తేదీలతో ఓపీ చీటీలు మీ చేతిలో ఉండేవి. కేసుకీ పనికొచ్చేవి, కిడ్నీలకీ మేలయ్యేది.

ఇక ఎంఆర్ఐ. అందులో దెబ్బ తగిలిన తేదీ కనపడదు. ఎముక లోపలి వాపు మామూలుగా కొన్ని నెలల్లో పోతుంది. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చిరుగు ఈ వయసులో దెబ్బే తగలని వాళ్లలోనూ ఉండొచ్చు. అయితే ‘టప్’మనడం, గంటలోపే వాయడం ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) తెగినప్పుడు తరచూ వినే మాటలు. ఏసీఎల్‌కో మెనిస్కస్‌కో దెబ్బ తగిలిన వాళ్లలో సుమారు సగం మందికి 10 నుంచి 20 ఏళ్లలో కీలు అరుగుతుంది. అందుకే ముందు నిలబెట్టి రెండు మోకాళ్లకీ ఎక్స్‌రే తీయించండి. కుడిది అరిగి ఎడమది బాగుంటే మీ మాటకు బలం వస్తుంది.

మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ ‘ఈ అరుగుదల అలాంటి పాత దెబ్బ వల్ల వచ్చి ఉండొచ్చు’ అని కారణాలు చూపి రాయగలరు. 2003లోనే తగిలిందని ఏ డాక్టరూ చూడకుండా రాయకూడదు. దానికి మీ సర్వీసు మెడికల్ రికార్డు మొత్తం అడిగి తీసుకోండి. చేరినప్పుడు మోకాలు బాగుందని రాసి ఉంటే అదే పెద్ద ఆధారం. ఆ రాత్రి పక్కనున్న సహచరుడు కళ్లారా చూసింది మాత్రమే రాసి సంతకం చేయాలి. తర్వాతెప్పుడైనా బైక్ మీంచి పడి ఉంటే అదీ దాచకుండా చెప్పండి. పింఛను నిబంధనలు మాత్రం ఆ విభాగం వాళ్లనే అడగాలి.

నొప్పికి ప్రస్తుతానికి పారాసెటమాల్, అదీ మీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. మోకాలు మధ్యలో బిగుసుకుపోయి చాపలేకపోతుంటే ఎముకల డాక్టర్‌కి వెంటనే చూపించండి. రేపు పొద్దున మాత్రం ముందు క్రియాటినిన్‌కి రక్తం ఇచ్చిరండి.